దూడ లేని గడ్డి

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడు మన సామెతల్లో ఇప్పటికీ నవ్వులపాలవుతూనే ఉన్నాడు. పాపం, వాడి సాకులో కనీసం ఒక దూడ ఉంది. మా అమ్మాయి వాళ్ళుండే డాలస్ ఉత్తరపు శివార్లలో శనివారం తెల్లవారిందంటే వీధి వీధంతా యంత్రాలు రంకెలు వేస్తూ గడ్డి కోస్తాయి. ఆ గడ్డి తినే నోరు మాత్రం చుట్టుపక్కల ఎక్కడా కనబడదు. కోసినదాన్ని కాగితపు సంచుల్లోకి ఎత్తి, మూతి మడిచి, చెత్తబండి కోసం ఇంటి ముందు వరసగా పెడతారు. అది మళ్ళీ పెరగాలని నీళ్ళు పెడతారు, ఎరువు చల్లుతారు. పెరిగిందని విసుక్కుంటూ మళ్ళీ కోస్తారు. పాడిగేదెలున్న ఇంట్లో పుట్టి, ఎండాకాలం పచ్చిగడ్డి మోపు ఎంత అపురూపమో తెలిసినవాణ్ణి కనుక ఈ వ్యవహారం నాకు మొదట్లో హాస్యంగానే తోచింది.

విస్తీర్ణం చదివాక నవ్వు తగ్గింది. 2005లో నాసాలో పనిచేసే క్రిస్టినా మిలేసి బృందం ఉపగ్రహ సమాచారంతో ఒక అంచనా వేసింది. ఇళ్ళ ముందరివి, పార్కులవి, గోల్ఫ్ మైదానాలవి అన్నీ కలిపి అమెరికాలో లాన్లు సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లట. ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అటూ ఇటూగా అంతే ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, అటు హిందూపురం దాకా ఊళ్ళూ కొండలూ పొలాలూ ఏమీ లేకుండా ఒకటే గడ్డి పరిచారనుకోండి. నీరు పెట్టి సాగుచేసే మొక్కజొన్న కన్నా ఇది మూడు రెట్లు ఎక్కువ. తినని పంట, అమ్మని పంట, మేపని పంట ఆ దేశంలో ఏ ఒక్క నీటి పంటనైనా మించి ఉంది.

ఈ కోతకు వయసు పెద్దగా లేదు. ఇంగ్లండు జమీందార్ల భవనాల ముందు పచ్చిక బయలు ఉందంటే, ఇంత భూమి దున్నకుండా వదిలేసినా మాకు తిండికి లోటు లేదని ఊరికి చాటటమే. దాన్ని సాపుగా ఉంచటానికి గొర్రెలైనా ఉండాలి, కొడవళ్ళు పట్టిన కూలీలైనా ఉండాలి. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు, ఉన్ని మిల్లులో బట్ట మీద లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూస్తే, అలాంటిదాన్నే నేల మీద నడిపితే పోలేదా అనిపించింది. 1830లో పేటెంటు పుచ్చుకున్నాడు. దాంతో జమీందారు దర్పం మెల్లగా గుమాస్తా గుమ్మం దాకా వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్ బంగాళాదుంప పొలాల్లో లెవిట్‌టౌన్ కట్టినప్పుడు, వేసవి నెలల్లో వారానికొకసారి గడ్డి కోసి తీరాలని షరతుల్లోనే రాశారు. తెల్లవాళ్ళు కానివారు అక్కడ కాపురముండకూడదని కూడా ఆ మొదటి పత్రాల్లో ఉంది. అంటే మా అల్లుడు ఆ కాలంలో పుట్టి ఉంటే గడ్డి కోసే బాధ తప్పేది!

క్లోవర్ కథ చదివినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. యుద్ధం దాకా అమెరికాలో లాన్ విత్తనాల్లో తెల్ల క్లోవర్ గింజలు కలిపే అమ్మేవారు. అది చిక్కుడు కుటుంబపు మొక్క. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో పట్టి నేలకిస్తుంది. మన జనుమూ పిల్లిపెసరా చేసే పనే. యుద్ధం ముగుస్తూనే 2,4-డి అనే కలుపుమందు బజారులోకి వచ్చింది. గడ్డి జోలికి పోకుండా వెడల్పాకు మొక్కల్ని మాత్రమే చంపటం దాని ప్రజ్ఞ. క్లోవర్‌ది కూడా వెడల్పాకే కదా, అదీ చచ్చింది. మందును మార్చటం కుదరదు కనుక క్లోవర్‌ను కలుపు మొక్కల జాబితాలో చేర్చారు. ఊరికే ఎరువు వేసిపెట్టే మొక్కను చంపటానికి ఒక డబ్బా కొనాలి, అది పోయాక ఎరువు కోసం సంచి కొనాలి. ఇప్పుడు పర్యావరణ హితమని ముద్ర వేసి అవే క్లోవర్ గింజల్ని మళ్ళీ అమ్ముతున్నారు. తాత మందు కొట్టి చంపినదాన్ని మనవడు డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాడు.

సరే, ఇంత బాధ ఎందుకు, గడ్డి పీకేద్దామంటే అంత సులువు కాదు. అక్కడ చాలా కాలనీలకు హెచ్‌ఓఏ అని ఇళ్ళ యజమానుల సంఘం ఒకటుంటుంది. గడ్డి పెరిగితే వాళ్ళు ఉత్తరం రాసి మనకు గడ్డి పెడతారు. ఎండితే ఇంకో ఉత్తరం. మా వాళ్ళకు ఓ చలికాలంలో అలాంటిదే వచ్చింది, ఇంటి ముందు గడ్డి పచ్చగా లేదని. ఆ వీధిలో అందరిదీ బెర్ముడా గడ్డి. చలికాలంలో అది గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది, దాని తత్వమే అంత. ఆ బెర్ముడా మరేదో కాదు, మన గరికే. కొన్ని మేలురకాలు గరికకు ఒక ఆఫ్రికా జాతితో సంకరం చేసినవి, అంతే తేడా. వినాయక చవితి వచ్చిందంటే ఇండియన్ స్టోరులో గరిక కట్టను డాలర్లు పెట్టి కొని, ఇంటి ముందున్న గరిక మీదుగానే నడిచి లోపలికి తెస్తారు మన వాళ్ళు. పోనీ వాకిట్లోదే కోసి పెడదామంటే మందులు కొట్టిన పత్రి స్వామికెలా పెడతామంటుంది మా ఆవిడ. ఆ మాటా నిజమే.

చట్టాలు మెల్లగా మారుతున్నాయి. నీళ్ళు తక్కువ తాగే మొక్కలు పెట్టుకుంటామంటే సంఘాలు అడ్డుపడకూడదని టెక్సాస్ 2013లో చట్టం చేసింది. ఏం పెడుతున్నారో ముందుగా ప్లాను చూపించమని అడగొచ్చు, కారణం లేకుండా కాదనకూడదు. మేరీల్యాండ్‌లో ఒక జంట తమ ముంగిట్లో గడ్డి తీసి దేశవాళీ పూలమొక్కలు పెట్టుకుంటే సంఘం వెంటపడింది. వాళ్ళూ తగ్గలేదు. ఆ తగువు ఊపుతో అక్కడ 2021లో అలాంటి తోటలకు రక్షణగా చట్టమే వచ్చింది.

చాలామంది కన్నా ముందే కళ్ళు తెరిచినవాళ్ళు ఎవరంటే, ఎవరూ ఊహించరు, లాస్ వేగస్ వాళ్ళు. జూదానికి పేరుపడ్డ ఊరు నీళ్ళ దగ్గర మాత్రం జూదం ఆడదలుచుకోలేదు. ఎడారిలో ఉండి కొలరాడో నది మీద బతికే ఊరది. 1999 నుంచి అక్కడి నీటి సంస్థ గడ్డి తీసేసినవాళ్ళకు చదరపు అడుగుకు ఇంతని డబ్బిస్తోంది. ఇప్పటికి 20 కోట్ల చదరపు అడుగులకు పైగా తీయించింది. ఒక్క చదరపు అడుగు గడ్డి తీస్తే ఏడాదికి 55 గాలన్లు, అంటే 200 లీటర్లకు పైగా మిగులుతాయని వాళ్ళ లెక్క. సొంత ఇళ్ళు కాకుండా ఆఫీసుల ముందూ రోడ్ల పక్కనా ఊరికే చూడటానికి పెంచే గడ్డికి 2027 నుంచి ఆ నది నీళ్ళు పెట్టకూడదని 2021లో శాసనం కూడా చేశారు. గడ్డి దేనికైనా పనికొస్తుందా లేదా అన్నది ఎలా తేల్చాలి? కోసేవాడు తప్ప దాని మీద ఇంకెవరైనా కాలు పెడుతున్నారా అని చూస్తే చాలు. మా అమ్మాయి ఇంటి ముందరి గడ్డికి ఆ పరీక్ష పెడితే సున్నా మార్కులు వస్తాయి.

గడ్డి తీశాక ఏం పెట్టాలన్నది అసలు చిక్కు. ఏ పనీ లేకుండా పచ్చగా ఉండాలంటే ఎక్కువమంది మనసు ముందు ప్లాస్టిక్ మీదికి పోతుంది.

ప్లాస్టిక్ గడ్డికి పేరొచ్చింది కూడా టెక్సాస్‌లోనే. హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ అనే కప్పు ఉన్న స్టేడియం 1965లో తెరిచారు. లోపల నిజమైన గడ్డి, దానికి వెలుతురు కావాలని పైన పారదర్శకమైన పలకలు. ఆ మిలమిలలో ఎగిరిన బంతి ఆటగాళ్ళకు కనబడలేదు. పలకలకు రంగు పూశారు. వెలుతురు లేక గడ్డి చచ్చింది. చచ్చిన గడ్డికి పచ్చరంగు వేసి ఆ సీజన్ గడిపేశారు! మరుసటి ఏడు మోన్‌శాంటో కంపెనీ ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిచింది. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు దానికి అలా వచ్చింది. కప్పు కింద ఎండ తగలని చోటుకు అది తగిన ఉపాయమే. దాన్నే తెచ్చి నడి ఎండలో ఇంటి ముందు పరిస్తే మిట్టమధ్యాహ్నానికి దాని వేడి 65 డిగ్రీలు దాటుతుంది. పసివాడి అరికాలు బొబ్బలెక్కుతుంది. చల్లబరచటానికి దాని మీద నీళ్ళు చల్లేవాళ్ళను చూశాను. ప్లాస్టిక్‌కు నీళ్ళు పెట్టడం! పదీ పదిహేనేళ్ళకు పోగులు ఊడి చెత్తకుప్పకు పోతుంది. కింది మట్టిలో అప్పటికి వానపాము మిగలదు. ఈ ఒక్కదాని విషయంలో నాకు మొహమాటం లేదు. ఎవరు వేయించుకుంటామన్నా వద్దనే చెబుతాను.

గులకరాళ్ళు పోసుకోవటం రెండో దారి. ఎడారి ఊళ్ళలో దానికి కొంత అర్థముంది. అయినా లాస్ వేగస్ వాళ్ళు వట్టి రాళ్ళకు డబ్బివ్వరు, మొక్కలు ఎదిగాక కనీసం సగం నేలను కప్పాలని నియమం పెట్టారు. డాలస్ లాంటి చోట రాయి పగలంతా వేడి తాగి రాత్రంతా గోడల మీదికి కక్కుతుంది. ఏసీ బిల్లులో అది కనబడుతుంది. పైగా రాళ్ళ సందుల్లో దుమ్ము చేరి నాలుగేళ్ళకు అందులోనే కలుపు మొలుస్తుంది. రాళ్ళ మధ్య కలుపు తీయటం ఎలాంటి శిక్షో తీసినవాళ్ళకే తెలుసు.

ఆ ఊళ్ళో ఒక నర్సరీలో నేలను కప్పే మొక్కల వరసలో నిలబడ్డప్పుడు నాకొక పరిచయస్థుడు తారసపడ్డాడు. ఫ్రాగ్‌ఫ్రూట్ అని చీటీ రాసి, చిన్న కుండీకి అయిదారు డాలర్లు పెట్టారు. నేలకు పాకే తీగ, కణుపు కణుపుకీ వేరు, కొసన రంపపు పళ్ళున్న చిన్న ఆకు, సన్నని కాడ చివర అగ్గిపుల్ల తలంత పువ్వు, దాని చుట్టూ తెలుపూ ఊదా రంగుల్లో వలయం. మన బొక్కెన! బొక్కెనాకంటాం. చెరువుగట్ల మీద, కాలవ ఒడ్డున, గేదెలు నడిచే దారిలో కాలికింద నలుగుతూ ఉండేది. పలక మీద అక్షరాలు చెరపటానికి ఏ ఆకు దొరికితే అది తుంపే వయసులో దీన్నీ తుంపాం. శాస్త్రం పేరు ఫైలా నోడిఫ్లోరా. జపాన్‌లో దీన్నే మెరుగుపరిచి చేసిన కురాపియా అనే రకాన్ని కాలిఫోర్నియాలో లాన్‌కు బదులుగా వేస్తున్నారు. టెక్సాస్‌కైతే ఇది సొంత మొక్కే, ఎవరూ తేనక్కర్లేదు. మోకాలెత్తు కాదు గదా, తొక్కే చోట మూడు నాలుగంగుళాలు కూడా లేవదు. వేరు దిగాక కరువును ఓర్చుకుంటుంది, రెండు రోజులు నీళ్ళు నిలిచినా చావదు. కొన్ని జాతుల సీతాకోకచిలుకలు దీని మీదే గుడ్లు పెడతాయి.

ఇంతగా పొగిడాక అవగుణాలు కూడా చెప్పాలి. పూలకు తేనెటీగలు ముసురుతాయి. పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తే చోట ఇది పనికిరాదు. చలికాలంలో వాడిపోతుంది. మళ్ళీ దీని దగ్గరి చుట్టమైన ఇంకో ఫైలా మొక్క ఆస్ట్రేలియాలో మరీ-డార్లింగ్ నదీ పరివాహకంలో దిగి, పశువుల మేత బీళ్ళను మింగేసి, అక్కడి రైతుల పాలిట పీడగా మారింది. అందుకే ఫలానా మొక్క మంచిదని ఊరూ పేరూ అడక్కుండా చెప్పేవాళ్ళను నమ్మను.

ఇంకా ఉన్నాయి. నీడ పడే చోటికి హార్స్‌హెర్బ్, పూర్వం బైసన్ అనే అడవిదున్నల మందలు మేసిన మైదానాల నుంచి బఫెలో గడ్డి. ముట్టుకుంటే ముడుచుకునే సన్‌షైన్ మిమోసా, మన అత్తిపత్తికి అన్నో తమ్ముడో. ఫ్లోరిడాలో వేరుశనగ జాతి మొక్క ఒకదాన్ని పసుపు పూల కోసం, పచ్చదనం కోసం నేలంతా అల్లిస్తారు. కాయ కోసం కాదు సుమా! ఈ మాట అనంతపురం రైతుతో అంటే ఏమంటాడో నేను రాయను.

వీటన్నిటి గురించీ చెప్పేటప్పుడు 'పని ఉండదు' అన్న మాట ఒకటి అతికించి అమ్ముతారు. నేను అక్కడ చూసినంతలో అది సగమే నిజం. మొదటి రెండు వేసవులు చేత్తో కలుపు తీయాలి, అల్లుకునేదాకా నీళ్ళు పెట్టాలి. ఆ తర్వాతే సుఖం. డాలస్ నేల మనకు తెలిసిన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చే బంకమట్టి. ఆ బీటలకు ఇళ్ళ పునాదులు కదులుతాయని గోడ చుట్టూ సన్నని గొట్టాలు పెట్టి నేలను తడుపుతారు. గుంటూరు వైపు రైతు ఎవరైనా చూస్తే నేలకు చెమ్మ ఆరకుండా ఆకో పొట్టో కప్పమంటాడు. మా అమ్మాయి వాళ్ళు చివరికి చేసింది కూడా అదే. మనవడు బంతి ఆడే మేర పెరట్లో గరిక అలాగే ఉంచారు. కంచె వెంబడి మూలలు వదిలేశారు. "ఆ మూలకి మెషీన్ తిరగదు మామయ్యగారూ, అది పోతే నాకు సగం శనివారం మిగులుతుంది" అన్నాడు అల్లుడు. అక్కడ చెట్ల పొట్టు మందంగా పరిచి మధ్యమధ్య బొక్కెన పెట్టారు. ముందు వాకిలి మాత్రం సంఘం వాళ్ళు ప్లాను చూసి ఒప్పుకునేదాకా ఆగాలి.

వాకిలి అంటే గుర్తొచ్చింది. గడ్డి అసలే లేని ముంగిలి ఆ దేశంలోనూ ఉండేది. జార్జియా మొదలైన దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి కుటుంబాలు ఇంటి ముందు గడ్డి మొలవనివ్వకుండా, డాగ్‌వుడ్ కొమ్మలు కట్టగా కట్టిన చీపురుతో మట్టి నేలను నున్నగా ఊడ్చేవారు. పాము వస్తే కనబడాలి, నిప్పురవ్వ పడితే అంటుకోకూడదు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చిన అలవాటని చరిత్రకారులంటారు. మన కళ్ళాపి జల్లిన వాకిలి చూసినవాళ్ళకు దాన్ని వివరించక్కర్లేదు. అయితే మన వాకిలిని తలచుకుని మురిసిపోయే మగవాళ్ళకు ఒక మాట చెప్పాలి. అది పని లేని వాకిలి కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ కలిపి చల్లి, ఊడ్చి, ముగ్గు పెట్టిన ఆడవాళ్ళ నడుముల్ని అడిగితే ఎంత పనో చెబుతాయి.

ఇక్కడి సంగతికొస్తే, అమెరికావాళ్ళు డబ్బిచ్చి వదిలించుకుంటున్నదాన్ని మనం డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం. హైదరాబాదులో కోకాపేట, తెల్లాపూర్ వైపు ఏ కొత్త గేటెడ్ కమ్యూనిటీలో అడుగుపెట్టినా కొరియన్ గడ్డి పరిచి ఉంటుంది. కోయకుండా వదిలితే బుడిపెలు బుడిపెలుగా లేస్తుంది. వదలకుండా చూసుకోవటానికి ఏడెనిమిది మంది ఆడవాళ్ళు ఖుర్పీలు పట్టుకుని వరసగా గొంతుకూర్చుని ఎండలో కలుపు తీస్తుంటారు. తీసే కలుపేమిటంటే గరిక, తుంగ. మధ్యలో గంగవాయిలి కనబడితే కొంగున వేసుకుంటారు. ఆ లాన్‌లో తినటానికి పనికొచ్చేది అదొక్కటే. బాల్కనీలో కాఫీ తాగుతూ మా లాన్‌కు పెద్ద మెయింటెనెన్స్ లేదండీ అంటాడు ఆసామి. ఉంది, కాకపోతే ఆ పని నడుము వంచి చేసేది ఇంకొకరు.

నీళ్ళ లెక్క కూడా చూడండి. లాన్‌కు వారానికి అంగుళం నీరు కావాలని మామూలు లెక్క. రెండు వేల చదరపు అడుగుల మీద అంగుళం నీరంటే 4,700 లీటర్లు దాటుతుంది. అంటే వేసవిలో మనం బుక్ చేసి, ఫోన్ మీద ఫోన్ చేసి, ఎదురుచూసే 5,000 లీటర్ల ట్యాంకరు వారానికొకటి గడ్డికే పోవాలి. శుద్ధిచేసిన మురుగునీరు వాడే చోట్ల కొంత నయం. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటిని తోటలకు పెడితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. మనకు ఆ రోజు రాకపోవటానికి కారణమేమీ కనబడదు.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకు నా విన్నపం ఒకటే. లాన్ వేసేవాడికి బయానా ఇచ్చే ముందు ఒక తొలకరి ఆగండి. ఆ నేలలో వానకు దానంతటది ఏం మొలుస్తుందో, మీ ఇంట్లో ఎవరు ఎక్కడ నడుస్తారో చూసుకోండి. పిల్లలు ఆడే మేర గరిక చాలు. పొలం గట్టు నుంచి వేళ్ళతో తెచ్చి జానెడు ఎడంగా గుచ్చితే సరిపోతుంది. చెట్టునీడా చెమ్మా ఉన్న మూల సరస్వతి ఆకు అల్లుకుంటుంది. కాలు పడని ఎండ చోట బొక్కెన వేయండి. నర్సరీలో పసుపు పూల వెడేలియాను అంటగట్టబోతే వద్దనండి, అది మీ గోడ దాటి పక్క స్థలాల్లోకి పోతుంది. రాలిన ఆకులు తగలబెట్టకుండా మొక్కల మొదట్లో పోయండి. ఏది నాటినా ఎండల్లో నాటకండి, ఆషాఢంలో రెండు మంచి వానలు పడ్డాక నాటండి.